గడప దాటిన కొమ్ములు

1998 నవంబరు 14, శనివారం. తెల్లవారుజామున సన్నటి మంచు పొడిలా రాలి ఆగింది. పొద్దెక్కే వేళకి కనుమ మీదినుంచి గాలి మొదలైంది. ఆ గాలి మొదలైతే మధ్యాహ్నానికి పట్నం దారి మూసుకుపోతుందని అట్‌బాషి లోయలో గొర్రెపిల్లలకి కూడా తెలుసు.

ఉల్కాన్ లేచి పొయ్యిలో పిడకలు వేసి, టీ కాచే సమవార్‌లో నీళ్ళు నింపి, అలవాటు ప్రకారం పెద్దగది తలుపు తీసి కిందికి చూసింది. మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు లేవగానే ఆకాశం చూస్తారు. ఆ ఇంట్లో మాత్రం తివాచీ చూస్తారు.

అది ఉల్కాన్ అత్తగారి అత్తగారు చేసిన ఉన్ని తివాచీ. తెల్లటి నేల మీద ఎర్రటి పొట్టేలు కొమ్ములు. ఆ రోజుల్లో ఉన్నిని చాపలో చుట్టి, వేడినీళ్ళు చల్లి, ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని మోచేతులతో దొర్లిస్తుంటే ఒక పాట అయ్యేసరికి ఒక మూర గట్టిపడేది. ఇప్పటివాళ్ళకి పాటలూ రావు, మోచేతుల్లో బలమూ లేదు. సరే, ఆ మాట అలా ఉంచుదాం. ఇంట్లో ఏ ఆడదానికి నెలసరి వచ్చినా ఆ కొమ్ములు అంచు దాటి నేల మీదికి పాకేవి. తగ్గగానే వెనక్కి వెళ్ళి తమ చోట ముడుచుకునేవి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు భోజనాల బల్ల కాస్త పక్కకి జరుపుకునేవారు. మగవాళ్ళు ఆ గదిలోకి వచ్చేవారు కారు. వచ్చినా కిందికి చూసేవారు కారు. తలుపు వైపు మూలన ఒక్క కొమ్ము మాత్రం కొన్నేళ్ళుగా తెల్లగానే ఉండేది. దాని సంగతి ఎవరూ ఎత్తేవారు కారు.

ఆ ఉదయం కొమ్ములు గదంతా అల్లుకుపోయి, గోడ వారన పరుపుల దొంతర ఎక్కాయి. ఒక కొస గడపకి బెత్తెడు దూరంలో ఉంది.

దొంతర పక్కన పెద్దకోడలు కనిషాయ్ పడుకుని ఉంది. మొహం తడిపిన పిండిలా ఉంది. నిరుటి నుంచీ ఆ పిల్లకి నెలలో సగం రోజులు ఇదే వరస. మొగుడు ఎర్కిన్ మందతో చలికాలపు మేతకి కొండ వెనక్కి వెళ్ళాడు. ఎండాకాలంలో ఊరి నర్సు ఒకసారి చూసి, "పట్నం తీసుకెళ్ళి లోపల ఏముందో చూపించండి, తగ్గించే మాత్రలున్నాయి, వైద్యం ఉంది," అంది. పట్నం వెళ్ళాలంటే మావగారు జుమాలికి చెప్పాలి. ఆ లోయలో కోడలు మావగారికి వీపు చూపించదు, ఆయన పేరు పలకదు. ఇక ఈ సంగతి అత్తగారి నోటినుంచి కూడా ఆయన చెవిన పడకూడదు. అందుకని జుమాలికి ఇన్నాళ్ళూ "పిల్లకి కాళ్ళనొప్పులు" అని చెబుతూ వచ్చారు.

ఆ రోజే చిన్నకొడుక్కి కుదిరిన సంబంధంవాళ్ళు రావాలి. పెరట్లో జుమాలి గొర్రెని కోస్తున్నాడు. సాయానికి వచ్చిన పొరుగింటి బురుల్ గదిలోకి వస్తూనే ముక్కు మీద వేలేసుకుంది.

"చలి వదినా, చలి! ఏ రాతిమీదో కూర్చునుంటుంది. ఆ చలి నడుములో గూడు కట్టుకుంది. నాకిలాగే అయితే మా అత్త దురదగొండి ఆకు కాచి పోసింది, మూడో నాటికి కట్టేసింది."

"నీకెప్పుడూ పోయేది నోటినుంచే కదే," అంది ఉల్కాన్. "దురదగొండీ అయింది, గుర్రం కాలేయమూ అయింది, వేడి ఇటికా అయింది. దీనికి ఏదీ పట్టలేదు."

"పచ్చి చర్మం చుట్టావా మరి?"

చుట్టలేదు. ఆ లోయలో పచ్చి గొర్రెచర్మం చుట్టని జబ్బు లేదు. జ్వరానికి అదే, గుర్రం మీంచి పడితే అదే. నయమైతే చర్మం గొప్ప, కాకపోతే దేవుడి రాత. బురుల్ ఆవిర్లు కక్కుతున్న చర్మం తెచ్చి కనిషాయ్ నడుముకి చుట్టింది.

"వెచ్చగా ఉందా తల్లీ?"

"ఉంది పిన్నీ," అంది కనిషాయ్. "వాళ్ళొచ్చే వేళయింది. టీ నేనేగా పొయ్యాలి. లేస్తాను అత్తయ్యా."

లేచింది. ఒక అడుగు వేసింది. గోడ పట్టుకోబోయి, అందక, చర్మంతో సహా కూలిపోయింది.

కొమ్ములు గడప తాకాయి.

అప్పుడే వీధిలో కారు చప్పుడయింది.

"వచ్చేశారు! తివాచీ చుట్టెయ్ వదినా!" బురుల్ గొంతు తగ్గించింది. "పిల్లని వెనక గదిలోకి జరుపుదాం. కొత్త వియ్యాలవారి ముందు పరువు పోదూ?"

ఉల్కాన్ వంగి తివాచీ అంచు పట్టుకుంది. చేతులకి ఆ పని తెలుసు. ఒకసారి చేసినవే. ఆమె కూతురు సాలికాకి పదిహేడో ఏట ఇలాగే అయింది. అప్పుడూ ఎవరో చుట్టాలు. కొమ్ములు గడపదాకా వస్తే ఉల్కాన్ తివాచీ గబగబా చుట్టి, పరుపుల మీద పెట్టి, నవ్వు మొహంతో టీ పోసింది. చుట్టిన తివాచీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చుట్టాలు వెళ్ళాక విప్పితే దాంట్లో ఎరుపన్నది లేదు, మొత్తం తెల్లగా ఉంది. వెనక గదిలో సాలికా కూడా అలాగే తెల్లబడి, చల్లబడి ఉంది. కనిషాయ్ ఆ ఇంట్లో పెళ్ళికూతురిగా అడుగుపెట్టిన నాడే కొమ్ములకి మళ్ళీ రంగొచ్చింది, మూల కొమ్ముకి తప్ప.

"చుట్టవేం వదినా!"

ఉల్కాన్ అంచు వదిలేసింది. వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. గాలి మంచుతో సహా లోపలికి కొట్టింది. వెనక్కొచ్చి తివాచీని రెండు చేతులా పట్టుకుని గడపదాకా ఈడ్చింది.

కొమ్ములు గడప దాటాయి. మెట్లు దిగాయి. తెల్లటి వాకిట్లో, దారి తెలిసినట్టు, తిన్నగా గేటు వైపు పాకాయి.

గేటు దగ్గర జుమాలి, కారు దిగుతున్న వియ్యంకుడి చెయ్యి పట్టుకుని కుశలమడుగుతున్నాడు. కంటి కొసన ఎరుపు కనబడగానే తల తిప్పి కొండవైపు చూశాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ఆ కొండనే చూస్తున్నాడు. ఎర్ర కొమ్ము ఆయన బూటు దాకా వచ్చి, చుట్టూ తిరిగి, ఆగింది. వియ్యంకుడు టోపీ సర్దుకున్నాడు.  చివరికి వియ్యపురాలే నోరు విప్పింది. పెద్ద మనిషి, ఎనిమిదిమందిని కన్న తల్లి.

"అన్నయ్యగారూ, కొండ ఎక్కడికీ పోదు. కిందికి చూడండి."

గడపలోంచి ఉల్కాన్ అరిచింది. తలగుడ్డ జారి భుజం మీద పడింది, ఎత్తుకోలేదు.

"ఏమయ్యా! సాలికా అప్పుడు చుట్టేశాను. ఇప్పుడు చుట్టను. కాళ్ళనొప్పులు కాదు. పిల్ల రక్తమంతా పోతోంది!"

జుమాలి కిందికి చూశాడు. చూపు ఎరుపు వెంట వాకిలంతా నడిచి, మెట్లెక్కి, గదిలోకి వెళ్ళింది.

"బావగారూ," అన్నాడు వియ్యంకుడితో, "ఇంజను ఆపకండి."

కోడలిని ఆయనే ఎత్తుకొచ్చాడు, తివాచీతో సహా. మావగారి చేతులు కోడలి మీద పడటం ఆ వీధిలో అదే మొదలు. బురుల్ చెప్పడానికి మాట దొరక్క నిలబడిపోయింది. అది కూడా అదే మొదలు.

వియ్యంకుడి నీవా రకం కారుకి వేగం లేదు గాని మొండితనం ఉంది. కొండ గొర్రెలా ఎక్కుతుంది, కొండ గొర్రెలాగే అరుస్తుంది. కనుమ దగ్గర గాలి మంచుని అడ్డంగా కొడుతోంది. దారి ఉన్నచోటా లేనిచోటా ఒకటే తెలుపు. వెనక సీట్లో కనిషాయ్ తల ఉల్కాన్ ఒళ్ళో ఉంది. పిల్ల కింద పరిచిన తివాచీలో కొమ్ములు ఇప్పుడు పాకడం లేదు. ఒకటొకటే తెల్లబడుతున్నాయి.

ఒక మలుపులో చక్రం జారింది. వియ్యంకుడు స్టీరింగు మీద పడి తిట్టుకున్నాడు. ముందు సీట్లోంచి జుమాలి వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఎన్ని మిగిలాయి?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ తివాచీ గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"మూడు," అంది ఉల్కాన్.

కనుమ దిగేసరికి రెండు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఒకటి, అదీ గులాబీ రంగులో.

డాక్టరమ్మ కనిషాయ్ కనురెప్ప కిందికి లాగి చూసి, "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"నిరుటి నుంచి. చలి పట్టిందనుకున్నాం," అంది ఉల్కాన్.

"చలి కాదమ్మా. కడుపు తడిమితేనే తెలుస్తోంది, గర్భసంచిలో గడ్డ ఉంది. ఇలా పోతుంటే గొర్రెచర్మం ఆపుతుందా? ముందు రక్తం కావాలి."

జుమాలి అప్పటికే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. ఆయన రక్తం గ్రూపు సరిపోయింది. ఉల్కాన్ వరండాలో తివాచీ పరుచుకుని, మిగిలిన ఆ ఒక్క కొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది, చలికి చంటిబిడ్డని కాచుకున్నట్టు. లోపల గడ్డ తీసేశారు. చెయ్యి తీసి చూసేసరికి పక్క కొమ్ముకి కూడా రంగు ఎక్కుతోంది.

ఐరన్ మాత్రలు ఇచ్చారు. నెలసరి తక్కువగా, తక్కువ రోజులే ఉండేట్టు ఇంకో రకం మాత్రలూ రాసి, ఎలా వేసుకోవాలో చెప్పారు. ఆ తర్వాత కొమ్ములు ఒక జానెడు బయటికి వచ్చి, బద్ధకంగా అటూ ఇటూ చూసి, నాలుగో నాటికి ఇల్లు చేరుకునేవి. బల్ల జరపాల్సిన పని లేకపోయింది. కనిషాయ్ తర్వాత ఒక ఆడపిల్లని కంది. జుమాలి రోజూ బూట్లు తొడుక్కునే ముందు పెద్దగదిలోకి తొంగిచూసి, నేల మీదికి చూసి, "అమ్మాయి ఎలా ఉంది?" అని పైకే అడిగేవాడు. ఊళ్ళో ముసలివాళ్ళు కొన్నాళ్ళు నవ్వుకున్నారు. తర్వాత వాళ్ళ కోడళ్ళని కూడా ఒకరిద్దరు పట్నం తీసుకెళ్ళారు.

పన్నెండేళ్ళ తర్వాత ఉల్కాన్ పోయింది. ఇల్లు ఆచారం ప్రకారం చిన్నకొడుక్కి వచ్చింది, వెండి గాజులు చిన్నకోడలికి వచ్చాయి. గుర్రం ఎర్కిన్‌కి. సమవార్ బురుల్‌కి, నోరు ఎండిపోకుండా. తివాచీ కనిషాయ్‌కి, ఆమె తర్వాత ఆమె కూతురికి. "ఎవరొచ్చినా చుట్టొద్దు" అన్న ఒక్క మాటతో. జుమాలి ఏమీ అడగలేదు, ఆయనకి ఏమీ ఇవ్వలేదు.

తలుపు వైపు మూలన ఆ కొమ్ము ఇప్పటికీ తెల్లగానే ఉంది. దాని మీద ఎవరూ కాలు పెట్టరు. సాలికాకి వచ్చింది ఏమీ లేదు.