గ్లెన్ తోలుకొచ్చిన వెలుగులు

చలికాలం సాయంత్రాలు ఊనాకి ఒక్కలాగే గడుస్తాయి. కోళ్ళని గూట్లో పెట్టి మూస్తుంది, పొయ్యిలో కట్టెలు ఎగదోస్తుంది, కుక్క గిన్నెలో మటన్ ముక్కలు వేసి వెనక మెట్ల మీద పెడుతుంది. కుక్క వచ్చి గిన్నెని వాసన చూస్తుంది, ఆమె మొహంలోకి చూస్తుంది, మళ్ళీ వెళ్ళి వాటీ పాత ట్రక్కు కింద పడుకుంటుంది. తెల్లారాక ఆ ముక్కలు సముద్రపు పిట్టలు తింటాయి. ఈమధ్య అవి బాగా ఒళ్ళు చేశాయి కూడా.

వాటీ ఊనా మొగుడు. మార్చి నెలాఖర్లో కంచె బాగుచేస్తూ ఆ కంచె పక్కనే ఎవరికీ చెప్పకుండా పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా చెప్పి వెళ్ళే అలవాటు అతనికి లేదు, ఆ రోజూ అంతే. ఊనా ఏడవలేదు. పరామర్శకొచ్చిన వాళ్ళందరికీ చీజ్ రోల్స్ కాల్చి పెట్టింది, ప్లేట్లు కడుక్కుంది, అందర్నీ గుమ్మం దాకా సాగనంపింది. ఏడుపెందుకు రావడం లేదో తెలియక ఆమెకి లోపల్లోపల భయంగానే ఉండేది. వాటీ కుక్క గ్లెన్ మాత్రం ఆ రోజు నుంచే పని మానేసింది.

గొర్రెల్ని మళ్ళించడంలో గ్లెన్‌కి సాటి లేదని చుట్టుపక్కల అందరూ ఒప్పుకునేవాళ్ళు. ఇక వెలుగుల సంగతికొస్తే, ఆ తీరం మొత్తం మీద వాటిని మళ్ళించగలిగిన కుక్క అదొక్కటే మిగిలింది. ఒకప్పుడు సముద్రం వైపు పొలమున్న ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. ఆ పాత కుక్కలు పోయాయి, కొత్తవాటికి ఓపిక తక్కువ, వాటిని పెంచే మనుషులకి ఇంకా తక్కువ.

దక్షిణపు వెలుగులు, అంటే రాత్రి ఆకాశంలో రంగురంగులుగా కనబడే కాంతులు, స్టువర్ట్ ద్వీపం వెనక, సముద్రం చివర్న మేస్తుంటాయి. బెదురు జాతి. తోలుకొచ్చేవాళ్ళు లేకపోతే అక్కడక్కడే తచ్చాడతాయి. చీకటి పడగానే వాటీ ఇసుకలో నిలబడి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేవాడు. గ్లెన్ నీళ్ళ మీద పరుగెత్తుకుంటూ పోయేది. పాదాలు తడిసేవి, అంతే. ఒక ఈలకి ఎడమకి తిరిగేది, ఇంకో ఈలకి కుడికి, పొట్టి ఈలకి పొట్ట నీళ్ళకి ఆనించి కదలకుండా చూసేది. ఆ చూపుకే వెలుగులు దగ్గరగా గుమిగూడి తీరానికి నడిచొచ్చేవి. ఎవరిదైనా పెళ్ళిరోజనో, రివర్టన్ ఆసుపత్రిలో ఎవరికో ఆఖరి రోజులనో చెబితే వాటీ కాదనేవాడు కాదు. అందరూ కళ్ళారా చూశాక పొడుగ్గా ఒక ఈల వేసి వాటిని వదిలేసి, భోజనానికి ఇంటికొచ్చేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఊనా ఖాళీ అట్టపెట్టెల కోసం హినే కొట్టుకి వెళ్ళింది. కోలాక్ బేలో ఉన్నది ఆ ఒక్క కొట్టే. హినే, ఊనా చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, ఆ బెంచీ మీద మొదలెట్టిన కబుర్లే ఇంకా సాగుతున్నాయి. క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చిన కుర్ర జంట ఒకటి మెడలో కెమెరాలతో కౌంటరు ముందు నిలబడి ఉంది.

"దక్షిణ కాంతులు చూడాలంటే ఎప్పుడు మంచిదండీ? ఎక్కడ నిలబడాలి?" అని అడుగుతున్నాడు కుర్రాడు.

"మార్చి, సెప్టెంబరు మంచివి," అంది హినే. "ఇప్పుడూ ఫరవాలేదు, జూన్‌లో ఇక్కడ రాత్రి పెద్దది కదా. చంద్రుడు ఉండకూడదు, మబ్బు ఉండకూడదు. బీచికెళ్ళి వీధి దీపాలకి వీపు పెట్టి దక్షిణం వైపు చూస్తూ ఉండండి. ఆ ఫోన్లు ఆర్పేయండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి."

"అప్పుడు కనిపిస్తాయా?"

"నీళ్ళ చివర బూడిదరంగు చార ఒకటి కనిపిస్తుంది. మీ కెమెరాకి అది పచ్చగా కనబడుతుంది. కంటికి ఆ పచ్చదనం కనబడదు."

"అదేంటండీ! పోయినేడు మా అన్నయ్య వస్తే సరిగ్గా నెత్తి మీదే ఉన్నాయన్నాడు."

"పోయినేడు వాటీ ఉన్నాడు. ఇదిగో, ఈవిడ భర్తే."

కుర్రాడు టోపీ తీసి "సారీ అండీ" అన్నాడు. ఊనా తలూపింది. ఆ జంట రెండు మాంసం పైలు కొనుక్కుని వెళ్ళిపోయింది.

"ఈ పెట్టెలు చాలుతాయా?" అంది హినే. "బ్రిస్బేన్లో నీకేం పనే అసలు? ఆ ఎండకి ఎండుచేప అయిపోతావు."

"అక్క గది సిద్ధం చేసింది. రంగులు కూడా వేయించింది. ఏసీ ఉందట."

"ఏసీ! చల్లగాలి కావాలంటే ఇక్కడ కిటికీ తీస్తే పోలా?"

ఊనాకి నవ్వొచ్చింది, కానీ ఎంతోసేపు నిలవలేదు. మంగళవారం విమానం. అక్క ఎల్‌స్పెత్ ఉండే అపార్టుమెంటులో కుక్కల్ని రానివ్వరు. హినే మేనల్లుడు టిపెనేకి లమ్స్‌డెన్ అవతల కొండల్లో గొర్రెలున్నాయి, కుక్క కావాలి. సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు. కానీ ఫోన్లో ఒక మాట దాచకుండా చెప్పాడు: "ఆంటీ, పనిచేసే కుక్కయితే కళ్ళకద్దుకుని తీసుకెళ్తా. పని మానేసి, తిండి మానేసి కుళ్ళిపోతుంటే మాత్రం దాన్ని అలా బతికుంచడం పాపం. నీకు చేతులు రాకపోతే ఆ పని కూడా నేనే చూస్తాలే." మంచివాడు కాబట్టే అలా అన్నాడు. అక్కడ పొలాల్లో అదే పద్ధతి, ఊనాకీ తెలుసు. గ్లెన్ ఎవరి మాటైనా ఒక్కటంటే ఒక్కటి వింటే బతుకుతుంది.

"ఐదింటికి కొట్టు మూసేసి వస్తా. ఇంకొక్కసారి చూద్దాం," అంది హినే.

ఐదు దాటేసరికి ఇసుక మీద చీకటి పడుతోంది. నీళ్ళ చివర బూడిదరంగు చార అప్పుడే లేచింది. ఊనా రబ్బరు బూట్లు వేసుకుని గ్లెన్‌ని తాడు పట్టుకుని తీసుకొచ్చింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి గట్టిగా ఊదింది. కట్టుడు పళ్ళ సందుల్లోంచి గాలి తప్ప ఈల రాలేదు.

"పొయ్యి మీద కెటిల్ ఈల కూడా నీకంటే నయమే," అంది హినే. జేబులోంచి ప్లాస్టిక్ ఈల తీసి ఇచ్చింది. దానికి శబ్దమైతే వచ్చింది. గ్లెన్ లేచి, ఆ శబ్దానికి వీపు పెట్టి మళ్ళీ కూర్చుంది.

"చూశావా, ముఖం చాటేస్తోంది! అచ్చం వాటీయే."

హినే కూడా ఊదింది. వాటీ ఎలా వేసేవాడో గుర్తు తెచ్చుకుని ఎడమ ఈల, కుడి ఈల, పొట్టి ఈల అన్నీ వేసింది. కుక్క ఒడ్డున పడున్న నాచు వైపు చూస్తూ ఉండిపోయింది. చివరికి హినే ఊనా భుజం తట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

ఊనా ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగ మీద కూర్చుంది. "విను," అంది కుక్కతో. "రేపు టిపెనే వస్తాడు. తుపాకీ కూడా తెస్తాడు, వాడు దాచి చెప్పే రకం కాదు. నేను నీకు ఏం తక్కువ చేశాను చెప్పు? పన్నెండేళ్ళు నా చేతి ముద్దే తిన్నావు. ఒక్కసారి లేచి నాలుగడుగులు వేస్తే నీ సొమ్మేం పోయింది?"

గ్లెన్ తోక కూడా ఆడించలేదు.

దాంతో ఆమెకి ఒళ్ళు మండింది. మొదట కుక్క మీద, తర్వాత ఈల మీద, ఆ తర్వాత అసలు మనిషి మీద. కుక్కకి అన్నీ నేర్పి ఆమెకి ఏమీ నేర్పకుండా, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మనిషి మీద. లేచి నిలబడి, సముద్రం వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"వాటీ! చల్లారిపోతోంది! వస్తావా, రావా?"

ఊళ్ళో అందరికీ తెలిసిన కేకే అది. నలభై ఏళ్ళు ప్రతి సాయంత్రం వెనక మెట్ల మీద నిలబడి మొగుణ్ణి భోజనానికి పిలుస్తూ ఆమె పెట్టిన కేక. మార్చి తర్వాత దాన్ని పెట్టే అవసరం రాలేదు. ఇన్నాళ్ళూ గొంతులో ఇరుక్కుపోయినది ఇప్పుడు ఒక్కసారిగా ఊడిపడింది, దాని వెనకే ఏడుపు కూడా. ఊనా అక్కడే నిలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే చేతిలో తాడు మాత్రమే ఉంది. గ్లెన్ అప్పటికే నీళ్ళ మీద చాలా దూరం పోయింది.

ఈలలు ఎడమకీ కుడికీ ఆగడానికీ. ఆ కేక మాత్రం దానికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒకే అర్థం: బయట ఉన్నదంతా పోగు చేసి ఇంటికి తోలుకురా. కేక వినబడితే వాటీ చేస్తున్న పని ఆపేసేవాడు, గ్లెన్ కొండ మీద గొర్రెల్ని ఒక్కటి కూడా వదలకుండా దొడ్డికి చేర్చేది. మొగుణ్ణి పిలుస్తున్నాననుకుని ఇన్నేళ్ళూ కుక్కకి హుకుం ఇస్తున్నది తనేనని ఊనాకి అప్పుడు తెలిసింది.

చార ఒక కొసన కదిలింది. తర్వాత మధ్యలో ఉబ్బింది. ఆకుపచ్చవి ముందు తలలెత్తాయి, ఎర్రవి వాటి భుజాల మీదుగా తొంగిచూశాయి, దూరంగా మేస్తున్న ఊదారంగు వెలుగులు గ్లెన్‌ని చూసి గబగబా గుంపులోకి దూరాయి. మంద మొత్తం నీళ్ళు దాటి ఇసుక మీదకి వచ్చింది. అక్కడ వాటిని వదిలేయాలంటే పొడుగు ఈల కావాలి. ఆ ఈల వేసే మనిషి లేడు. ఇంటికి రమ్మంది ఊనా, కాబట్టి గ్లెన్ ఇంటికే తోలింది.

ఊనా కంగారుగా ముందు పరుగెత్తి దొడ్డి గేటు తీసింది. మంద రోడ్డు దాటుతుంటే రివర్టన్ నుంచి వస్తున్న లారీ ఆగింది, డ్రైవరు స్టీరింగ్ మీదనుంచి ఒక వేలెత్తి పలకరించాడు. గొర్రెలైనా అంతే ఆగుతాడు. మధ్యాహ్నం కొట్లో కనిపించిన జంట రోడ్డు పక్కన నిలబడి ఫొటోలు తీయడం మర్చిపోయి చూస్తోంది. హినే తన ఇంటి వసారాలో దీపం ఆర్పేసింది, కంటికి అడ్డం రాకూడదని. వెలుగులు ఊనా కోటుకి రాసుకుంటూ లోపలికి వెళ్ళాయి. చల్లగా, మెత్తగా ఉన్నాయి. చిట్టచివరి ఎర్రదాన్ని గ్లెన్ ముక్కుతో తోసింది. ఊనా గేటు గొళ్ళెం పెట్టింది. ఆ రాత్రి కుక్క గిన్నె నాకి నాకి శుభ్రం చేసింది.

పొద్దున్నే టిపెనే వచ్చాడు. ట్రక్కు వెనక కుక్క పెట్టె తలుపు తీసి ఉంచి, దొడ్డి దగ్గరకొచ్చి కంచె మీద మోచేతులు ఆన్చాడు. పగటి పూట వెలుగులు సరిగ్గా కనబడవు. మందంతా ఒక మూలకి ఒదిగి పడుకుంది, ఆ మూల మంచు మాత్రం లేతాకుపచ్చగా ఉంది.

"మంచి మంద, ఆంటీ. గ్లెన్ ఒక్కటే తెచ్చిందా?"

"ఒక్కటే."

"ఎవరి మాట మీద?"

"నా మాట మీదే."

టిపెనే కుక్క వైపు చూసి మెల్లగా ఈల వేశాడు. గ్లెన్ ఊనా వైపు చూసింది. "సరేలే, నెమ్మదిగా అలవాటవుతుంది," అన్నాడతను. "నిక్షేపంలాంటి కుక్క. మాటంటే మాట, తీసుకెళ్తా."

మూడు నెలలుగా ఆమె వినాలనుకున్న మాట అదే. గ్లెన్ బతికింది. ఊనా మాత్రం తాడు అందివ్వకుండా దొడ్డి వైపే చూస్తూ నిలబడింది.

"సాయంత్రం వీటిని మేతకి ఎవరు వదులుతారు?" అంది.

"నేనూ అదే చూస్తున్నా," అన్నాడు టిపెనే.

"వదిలితే మళ్ళీ ఎవరు పిలుస్తారు?"

టిపెనే కంచె మీంచి మోచేతులు తీశాడు. దొడ్డిలో మంద ఉండగా ఎవరూ ఊరు విడిచి వెళ్ళరు. మందల మధ్య పుట్టి పెరిగిన వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి అది. అతను వెళ్ళి ఖాళీ పెట్టె తలుపు మూసి, "చీజ్ రోల్స్ ఏమైనా ఉన్నాయా ఆంటీ?" అన్నాడు. కాల్చిపెట్టినవన్నీ తిని, కుక్క తల నిమిరి వెళ్ళిపోయాడు.

ఊనా బ్రిస్బేన్‌కి ఫోన్ చేసింది.

"రాలేనే అక్కా."

"ఏంటే, రాలేవా? గదికి రంగులు వేయించాను! టికెట్ కూడా కొన్నావుగా!"

"దొడ్డి నిండా మంద ఉందే."

"మందేంటి? గొర్రెలన్నీ అమ్మేశానన్నావుగా?"

"గొర్రెలు కాదు. వెలుగులు."

ఎల్‌స్పెత్ ఆ తీరం వదిలి చాలా ఏళ్ళయింది. ఇప్పుడామెకి ఉన్ని కోటు కూడా లేదు.  కోప్పడుతుందేమోనని ఊనా ఎదురుచూసింది.

"నీళ్ళు పెట్టావా వాటికి?" అంది అక్క.

"అయ్యో, లేదే!" అని ఊనా ఫోను బల్ల మీద అలాగే వదిలేసి బకెట్ కోసం పరుగెత్తింది.