లేని కార్డు, తొమ్మిది బస్తాలు

1996లో మా ఆర్మూర్ పసుపు కమీషన్ వ్యాపారి నారాయణదాస్ సేటు రెండు కంప్యూటర్లు కొన్నాడు. దుకాణానికి కొత్తది, వెనక గోడౌన్‌కు ఎవరో వాడి పారేసిన వేరే రకంది. రెంటినీ కలపాలంటే నెట్‌వర్క్ కార్డులు కావాలి. సేటుకు అవి దండగ అనిపించాయి. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సు చేసొచ్చిన అల్లుడు దత్తాత్రి, కార్డు లేకున్నా ఉన్నట్టు నటించే ప్రోగ్రాం రాసి, మామూలు తీగతో పని కానిచ్చేశాడు. నటించడం ఆ ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే.

కొబ్బరికాయ కొట్టి పరీక్ష పెట్టారు. కొలత మొదలుపెట్టేటప్పుడు ఆ దుకాణంలో 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో 'లాభం' అని కొట్టించారు. గోడౌన్‌లోనూ 'లాభం' అనే పడింది. చప్పట్లు, పేడాలు! ఒక్క అంకె పంపి చూద్దామన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. దుకాణంలో ఆపరేటర్‌ని నేనే, నా పేరు విద్యావతి. నేనూ పేడా తిన్నాను.

మర్నాడు మెండోర నుంచి నీలవ్వ బండి మీద తొమ్మిది బస్తాల పసుపు తెచ్చింది. ఆమె ఏడాది కష్టమంతా అదే. నేను 9 కొట్టాను. గోడౌన్ తెర మీద 2304 పడింది. గుమాస్తా హనుమాన్లు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"గిన్ని బస్తాలకు జాగ లేదు. తెర మీద ఎంతుంటె గంతే లోపలికి తీస్కొమ్మన్నడు సేటు."

"తొమ్మిదే గద కొడుకా! నీ కండ్లతోని లెక్కవెట్టు. మబ్బు వట్టింది జూడు," అంది నీలవ్వ.

గోడౌన్‌కు వెళ్లి తెర చూడగానే తప్పెక్కడో నాకు తెలిసిపోయింది. దుకాణం కంప్యూటర్ అంకెను రెండు ముక్కలు చేసి చిన్న ముక్కను ముందు పంపుతుంది. గోడౌన్‌ది ముందొచ్చిందే పెద్ద ముక్క అనుకుని, 9ని 256 రెట్లు చేసేస్తుంది. అక్షరానికి ఒక్కటే ముక్క కాబట్టి 'లాభం' క్షేమంగా చేరింది. ముక్కలను తారుమారు చేసే రెండు లైన్లు గోడౌన్ వైపు రాసి, దుకాణంలో 9 కొట్టించాను. మళ్లీ 2304!

దుకాణంలోకి పరుగెత్తి చూస్తే, దత్తాత్రి నాకు చెప్పకుండా అక్కడా తారుమారు చేసి కూర్చున్నాడు.

"ఒక్క దిక్కే తిప్పాలె సార్, రెండు దిక్కుల తిప్పితె మల్ల మొదటికే వస్తది. మీది తీసెయ్యుండ్రి."

"నా ప్రోగ్రాంల నువ్వు చెయ్యి వెట్టుడేంది? నీదే తియ్."

నాకు ఒళ్లు మండింది. నాది తీస్తే అర నిమిషం పని. తీయలేదు. గంటసేపు వాదించుకున్నాం. చివరికి సేటు కసిరితే అల్లుడు తన లైన్లు తీశాడు.

తెర మీద 9 పడింది. దత్తాత్రి మీసం మెలేశాడు. నేనూ గెలిచానని మురిసిపోయాను, సిగ్గు లేకుండా. హనుమాన్లు తలుపు బార్లా తెరిచాడు.

అప్పటికి వాన కొట్టి వెలిసింది. బండి కింద పసుపు నీళ్లు మడుగు కట్టాయి. టార్పాలిన్లు గోడౌన్ లోపలే ఉండిపోయాయి. నీలవ్వ కొంగు పిండుకుంటోంది. సేటు ఒక కొమ్ము విరిచి చూసి పారేశాడు.

"తడిసిన మాల్ తీస్కోం అవ్వా. మర్లేస్కపో."

నీలవ్వ ఆయన్ని విడిచిపెట్టి నా వైపు తిరిగింది.

"తొమ్మిదని పొద్దటిసంది మొత్తుకుంటున్న గద బిడ్డా. నీకు తెల్వదా?"

తెలుసు. ఆ 9 కొట్టింది నేనే.