బాలింత పడుకుంది

పడవ అఖాతం మధ్యకు రాగానే సరంగు ఇంజన్ ఆపేశాడు. ఒడిలో పసిపిల్లతో కూర్చున్న ఆమెకు గుండె గుభేలుమంది. ఆ డుగడుగు చప్పుడుకే కదా పిల్ల ఇప్పుడిప్పుడే జోగుతోంది! రాత్రంతా తల్లికి కంటిమీద కునుకు లేదు.

"ఏమైందయ్యా? అవతల ఆఫీసుకు ఆలస్యమవుతోంది!" అని పక్కనున్న గొడుగాయన చిందులేశాడు.

"అరవకండి సార్. బాలింత పడుకుంది," అని కసిరాడు సరంగు.

అందరూ ఆమెవైపు తిరిగారు. సరంగు మాత్రం నీళ్లవైపు చూపించాడు. అక్కడో తిమింగలం కదలకుండా తేలుతోంది, దాని వీపుకు ఆనుకుని పిల్ల.

"చలి సముద్రానికి పోతూ ఇలా అఖాతంలో ఆగుతుంది. లోతుకెళ్తే పిల్లను పట్టుకుపోయేవి కాచుకునుంటాయి. పాలివ్వడమే గాని తనకు తిండి లేదు. మనమూ మోత పెడితే ఇంకెక్కడ పడుకుంటుంది పాపం?"

'అచ్చం నాలాగే' అనుకుందామె. చిత్రంగా, ఒళ్లోని పిల్ల లేవలేదు. ఆమెకు అంతవరకే గుర్తు.

కళ్లు తెరిచేసరికి ఎండ చుర్రుమంటోంది. తల్లీపిల్లల మీద మాత్రం నీడ ఉంది. గొడుగాయన చెయ్యి మార్చుకుంటూ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పడవలో ఎవరూ కిక్కురుమనడం లేదు. చూస్తే నీళ్లన్నీ ఖాళీ.

"తిమింగలాలేవి?" అని గుసగుసగా అడిగింది.

"ఎప్పుడో వెళ్లిపోయాయమ్మా."

"మరి ఇంకా ఇంజన్ వెయ్యలేదేం?"

సరంగు మొహం చిట్లించాడు.

"బాలింత లేవకుండా ఎలా వేస్తాను తల్లీ?"