పాత ప్రతులు ఎక్కడ పెట్టాలి

"సర్వర్ల జాగ అయిపోయింది. వంట అయినంక జర చూడు," అన్నాడు మా ఆయన విద్యాసాగర్ చెప్పులు వేసుకుంటూ. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. మా ఇంట్లో వంట తర్వాత నేను చేసేదేదీ పని కిందికి రాదు.

చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదే ఆయన ప్రచురణల ఆఫీసు. గ్రూప్స్ పరీక్షలకు గైడ్లు వేస్తాం, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు కొంటారు. 'వేస్తాం' అంటే రాసేది, టైపు చేసేది, తప్పులు దిద్దేది నేను. ఫైళ్లన్నీ ఉండే సర్వర్‌ను చూసుకునేదీ నేనే. "ఇంట్ల కూసొని మీటలు కొట్టుడే గదా, అదొక కష్టమా?" అని మా అత్తమ్మ అనసూయమ్మ చుట్టాలతో అంటుంది. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేశానని ఆవిడకు గుర్తుండదు. ఒక్కోసారి నాకూ ఉండదు.

మారిన ఫైళ్ల పాత రూపాన్ని సర్వర్ రోజుకు రెండుసార్లు దాచిపెడుతుంది. పొరపాటున ఏదైనా చెరిగిపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. పాతవీ కొత్తవీ ఒకే డిస్కులో ఇరుక్కుపోయాయి. పాతవాటికి వేరే డిస్కు కావాలని ఏడాదిగా అడిగితే నిన్న తెచ్చాడు. కానీ చోటు మార్చాలంటే ఇప్పటిదాకా దాచినవన్నీ తీసేయాల్సిందే. ఫోన్ చేసి చెప్పాను.

"పాతవి ఏం చేసుకుంటం? కొట్టెయ్," అన్నాడు.

కొట్టేసే ముందు ఎకానమీ గైడు మొదటి భాగం ఒకసారి తెరిచాను. పద్నాలుగు నెలలు రాశాను దాన్ని. మర్నాడే ప్రెస్సుకు వెళ్లాలి. మంగళవారం ప్రతిలో 'రచన: జయశ్రీ, ఎం.ఏ.' అని ఉంది. బుధవారం సాయంత్రం ప్రతిలో 'రచన: ప్రొఫెసర్ సుందరరావు.' ఆ మధ్యాహ్నం నేను అత్తమ్మను కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాను. సుందరరావు గారు రిటైరైన లెక్చరరు. ఒకసారి వచ్చి చాయ్ తాగి వెళ్లాడు, ఒక్క పేజీ చదవలేదు. ఇంతకుముందు వచ్చిన నాలుగు గైడ్ల మీద 'సంపాదకవర్గం' అని ఉండేది. ఆ వర్గం మొత్తం నేనే. ఈసారి నీ పేరు వేస్తానని విద్యాసాగరే అన్నాడు. పెళ్లయిన రెండో ఏడు బ్యాంకు పరీక్ష రాస్తానంటే, "ఈ సీజన్ అయినంక రాయి" అన్నది కూడా ఆయనే. తొమ్మిది సీజన్లయ్యాయి. కోపం రావాలి కదా, రాలేదు.

భోజనాల దగ్గర అడిగాను.

"ప్రొఫెసర్ పేరుంటే నమ్ముతరు. నీ పేరు చూసి ఎవరు కొంటరు, జయా? ఇంట్ల మనిషివి, నీకు పేరెందుకు?" అన్నాడు పెరుగు వేసుకుంటూ.

"గంతే గదా," అంది అత్తమ్మ.

గిన్నెలు తోమి వచ్చి కూర్చున్నాను. మంగళవారం ప్రతిని కొత్త డిస్కులోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. తర్వాతే చోటు మార్చాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే చివరి ప్రూఫు చూడడానికి నారాయణగూడ ప్రెస్సుకు వెళ్లాను. పెన్‌డ్రైవ్ ఇచ్చి, ప్రొఫెసర్ పేరున్న పేజీ తీసేసి నా పేరున్న పేజీ పెట్టమన్నాను. ప్రెస్సు యజమాని మాసయ్య ఇబ్బందిగా చూశాడు.

"సార్ వేరే పేరు పంపిండు గదమ్మా?"

"పుస్తకం రాసింది నేను. మీకు తెలుసు కదా?"

"తెలుసు. కానీ సార్‌ను అడగాలె." ఫోన్ కలిపి, విని, నా చేతికిచ్చాడు.

"ఏంది, తమాషా చేస్తున్నవా? మందిల నా ఇజ్జత్ తీస్తవా?"

"రెండో భాగం సగమే అయింది. మిగతా సగం సుందరరావు గారిని రాయమనండి," అన్నాను.

"మాసయ్యకియ్యి," అన్నాడు.

మాసయ్య విని, ఫోన్ పెట్టేసి, నా పేజీ మీద టిక్కు పెట్టాడు.

పుస్తకం నా పేరుతోనే వచ్చింది. అత్తమ్మ అట్టను తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది. ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు. నేను ముగ్గురికీ వండాను, బట్టలు ఆరేశాను, తెల్లవారకముందే లేచాను. ఏమీ మారలేదు. పదకొండో రోజు చాయ్ గ్లాసు అందుకుంటూ అడిగాడు.

"రెండో భాగం ఎప్పుడైతది?"

"కాదు. నేనిక రాయను," అన్నాను.