చాందీ తుడిచేసిన తీజ్

తెలంగాణ కావాలని ఊరూరా రోడ్లు బందైన ఏడాది అది. పెద్దవంగర దగ్గర తండా బడికి ఒక్కటే కంప్యూటర్. పద్మలత టీచరుకు అది పానం. దాంతోపాటు వచ్చిన సీడీ పాఠాలు ఎక్కడి భాషనో మాట్లాడేవి. పిల్లలకు ఒక్క ముక్క ఎక్కకపోయేది. ఆమె వాటిని మూలకేసి, తన సెల్‌ఫోన్ పిల్లల చేతికిచ్చింది. "మీ పాఠం మీరే తీయుండ్రి" అంది.

చాందీ అనే పిల్ల తమ లంబాడీల తీజ్ పండుగను పాఠంగ తీసింది. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి పెంచి, తొమ్మిదోనాడు చెరువుల కలుపుతరు. రోజుకో ఫోటో తీసి కంప్యూటర్‌లో వరుసగా తిప్పితే, గింజ చిటికెలో జానెడు పెరిగేది. క్లాసులో ఎన్నడూ నోరిప్పని పిల్ల, అవి చూపించుకుంట ఆపకుంట మాట్లాడింది.

ఇయ్యాల ఆఫీసర్ రాక. "ధర్నాలకు తిరిగే టీచరుకు కంప్యూటరెందుకు? పిల్లలేం నేర్చుకున్నారో చూపించకపోతే దాన్ని వేరే బడికి పంపిస్తా" అని ముందే కబురు పెట్టిండు.

జీపు ఆగింది. పద్మలత కంప్యూటర్‌లో చూస్తే ఫోటోలు లేవు! ఫోన్‌లో జాగ లేక అందులోవి ఎప్పటికప్పుడు తీసేసింది.

"ఏవి బిడ్డా?" అని చాందీని అడిగింది.

"తుడిచేసిన మేడం. నిన్న బుట్టలన్నీ చెరువుల కలిపినం గద. కలిపినంక ఉంచుకోవద్దు. తెరమీది చెత్తబుట్ట గూడ ఖాళీ జేసిన. పండుగను చెత్తల ఉంచుతరా?"

ఆఫీసర్ లోపలికొచ్చి, "ఏమ్మా, జై తెలంగాణ తప్ప ఇంకేమైనా నేర్పారా?" అన్నడు.

చాందీ లేచింది. "మేడం, మేమే గోధుమలైతం. మీరు ఫోటోలు కొట్టుండ్రి."

పిల్లలు గింజల లెక్క ముడుచుకొని కూసున్నరు. ఫోటో ఫోటోకు జరంత లేస్తున్నరు.

"ఒరేయ్ నరేశ్, అప్పుడే చెట్టయితున్నవేందిరా! కూసో!" అని చాందీ గదిమింది. "సార్, మీరు గా చెంబు పట్టుకోండ్రి. తీజ్‌కైతే ఆడపిల్లలే నీళ్లు పొయ్యాలె. గిది బడే గద, ఏం గాదు."

ఆఫీసర్ బిత్తరపోయి చెంబు పట్టిండు.

కరెంటు పోకముందే ఫోటోలు కంప్యూటర్‌లో తిప్పిన్రు. తెరమీద ఆఫీసర్ నీళ్లు పోస్తుంటే పిల్లలు మొలకలై లేచిన్రు. ఆయన మూడుసార్లు చూసి, పగలబడి నవ్విండు.

"కంప్యూటర్ ఇక్కడే ఉండనీయండి. అమ్మాయీ, ఇది కూడా తుడిచేస్తావా?"

"ఇందుల మేమున్నం గద సార్. మమ్మల్ని చెరువుల ఎట్ల కలుపుతం?"

పొద్దటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలి, పద్మలత కుర్చీల కూలబడింది.