మాస్టారి కారులో ఎర్ర కూలెంట్

మాస్టారు పోయాక ఆ కారు జోలికి ఎవరూ వెళ్లలేదు. రేకుల షెడ్డులో, పాత దుప్పటి కింద అలాగే పడి ఉండేది. ఆయన బతికినంతకాలం డ్రైవింగ్ నేర్పింది అందులోనే. ఊళ్లో సగం మంది ఆయన పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్లే. ఆఖర్న నేర్చుకున్నది ఆయన భార్య. ఆమె బట్టల కొట్టులో దర్జీ. మెళ్లో తాడుకి ఎప్పుడూ కత్తెర వేలాడుతుంటుంది కాబట్టి అందరికీ కత్తెరమ్మ.

చలి ముదిరేసరికి కొట్టుకెళ్లే బస్సు ఆగిపోయింది. పెరట్లో బకెట్టు నీళ్లు తెల్లారేసరికి గాజుపలకలా గడ్డకడుతున్నాయి. గుడ్డల మూటలు మోసుకుంటూ కొండ దారిలో నడవడం ఆమె వల్ల కాలేదు. ఇక తప్పదనుకుని దుప్పటి లాగేసి తాళం తిప్పింది.

బండి మూలిగి మూలిగి అందుకుంది. హీటర్ వేసింది. వెచ్చటి గాలితో పాటు పాకం మరుగుతున్నట్టు తియ్యటి వాసన వచ్చింది. ముందు అద్దానికి లోపలివైపు మసక కమ్మింది. ఆ మసకలోంచి మెల్లగా ఒక గీత తేలింది. వంపు తిరిగింది. చివర బాణం మొన, ఎడమవైపుకి.

కత్తెరమ్మ ముందుకి వంగి చూసింది. పాఠం చెప్పేటప్పుడు మలుపులన్నీ మాస్టారు అద్దం మీద చూపుడువేలితోనే గీసి చూపించేవారు. ఆఖరి రోజుల్లో ఆయన చెయ్యి వణికేది. ఈ గీతలోనూ ఆ వణుకుంది.

ఆమె అద్దం తుడవలేదు.

అప్పట్నుంచి పొద్దున్నే షెడ్డు బార్లా తెరిచి, కారు తలుపు మూసుకుని, హీటర్ వేసి కూర్చునేది. బాణం వచ్చేదాకా చూసేది. "ఎటు వెళ్లమంటున్నారండీ?" అని అడిగేది. తల దిమ్ముగా ఉండేది, కొట్టులో సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఏడుపు లోపలే దిగమింగుకోవడం వల్ల వచ్చిన నొప్పి అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకి ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో మట్టం అడుగంటింది. దారిలో పెట్రోలు బంకులో ఆపి అడిగింది.

"ఎర్రదా, పచ్చదా, నీలమా?" అంది బంకావిడ.

"నాకేం తెలుసమ్మా. ఏది మంచిదైతే అది."

"ఎర్రది కొత్త రకం. ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు."

ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదన్న మాట నచ్చి, అదే పోయించుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున కొండ మీద దారి రెండుగా చీలే చోట అద్దం మసకబారింది. రోడ్డు మీద ఉండగా బాణం కనిపించడం అదే మొదటిసారి. ఇంత స్పష్టంగా ఎప్పుడూ లేదు. కొట్టుకి తిన్నగా పోవాలి. ఎడమవైపు పాత రాళ్ల క్వారీ. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అయినా చేతులు ఎడమకే తిప్పాయి. ఆమె చూపు అద్దం మీదే ఉంది, అద్దం అవతల లేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగజిమ్మింది. ఇంతలో పాదం కింద బ్రేకు దానంతటదే కిందికి దిగింది. తను ఇంకా నొక్కలేదు. నొక్కాలన్న ఆలోచనే ఇంకా రాలేదు.

బండి ఆగింది. కొంగుతో అద్దం తుడిస్తే బారెడు దూరంలో రోడ్డు తెగిపోయి ఉంది. అవతలంతా లోయ.

మరిదికి మెకానిక్ షెడ్డుంది. ఫోన్ చేయగానే తాడు పట్టుకుని వచ్చాడు. బండిని షెడ్డుకి లాక్కెళ్లి, ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తిప్పాడు.

"ఏం పోశావ్ వదినా ఇందులో?"

"ఎర్రది. కొత్త రకమట."

"కొత్త రకం కొత్త బళ్లకి. ఇదేమో నాతో పాటు బడికెళ్లాల్సిన బండి! దీని రేడియేటర్ రాగి, ఇత్తడి. అతుకులన్నీ టంకం. అన్నయ్య ఎప్పుడూ పాతరకమే పోసేవాడు. రెండూ కలిస్తే ఇదిగో, ఇలా తయారవుతుంది." వేలు పెట్టి తీసి చూపించాడు. తుప్పు రంగు బురద.

"అయితే పచ్చది పోస్తే సరిపోతుందా?"

"రంగు చూసి కొనకూడదు. ఎవడిష్టమొచ్చిన రంగు వాడు కలుపుతాడు. రాగి రేడియేటర్లకి, పాత ఇంజన్లకి అని డబ్బా మీద రాసి ఉండాలి. ముందు ఈ బురదంతా కడిగి పారబోస్తా. తర్వాత సగం ఆ మందు, సగం బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీళ్లు."

కారులోకి తల పెట్టి వాసన చూశాడు. మొహం మారిపోయింది.

"హీటర్ కారుతోంది వదినా. ఈ తియ్యటి వాసన కూలెంట్ ఆవిరిది. విషం. నువ్వు రోజూ ఇదే పీలుస్తున్నావా?"

ఆమె ముందు అద్దం వైపు వేలు చూపించింది. మరిది వంగి నోటితో ఆవిరి ఊదాడు. బాణం తేలింది. గీతని మొదలు నుంచి మొన దాకా చూశాడు.

"అన్నయ్య వేలే" అన్నాడు చివరికి. "వేలి జిడ్డు అద్దానికి ఉండిపోతుంది. తేమ తగిలినప్పుడల్లా బయటపడుతుంది. అంతే వదినా."

"మరి బ్రేకు? నేను నొక్కకముందే దిగింది. నేర్పే కారు కదా, పక్క సీటు దగ్గర కూడా బ్రేకుంది. అది నొక్కితే ఇదీ దిగుతుంది."

మరిది గుడ్డ అందుకున్నాడు. చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఆ బ్రేకుకి తీగ లేదు. అన్నయ్య ఆస్పత్రిలో ఉండగా నేనే విప్పేశా." ఆగి, "నీ కాలే నొక్కి ఉంటుందిలే. భయంలో తెలీదు" అన్నాడు.

"అయ్యుంటుంది" అంది కత్తెరమ్మ.

ఇద్దరూ పక్క సీటు వైపు మాత్రం చూడలేదు.

"హీటర్ మార్చి అద్దం కడిగితే ఆ గీత ఇక కనపడదు. వద్దంటే హీటర్ గొట్టాలు మూసేసి వదిలేస్తా. నువ్వు చలికి తట్టుకుంటే చాలు. నీ ఇష్టం."

ఆమె మెళ్లోని కత్తెర పట్టుకుంది.

"మార్చెయ్. దీనికి పడేదేదో అదే పొయ్యి. అద్దం మాత్రం నేను కడుగుతా."

సబ్బు నీళ్లతో పైనుంచి మొదలుపెట్టింది. బాణం దగ్గరకొచ్చేసరికి గుడ్డ ఆగింది. ఆ వణుకు గీత మీద తన వేలు ఒకసారి పెట్టి చూసుకుంది. తర్వాత తుడిచేసింది. ఆ రోజు రాత్రి తనివితీరా ఏడ్చింది.

చలికాలమంతా బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. ముల్లు సగం దగ్గరే నిలిచేది. తలనొప్పి పోయింది, సూదిలోకి దారం ఎక్కింది. అద్దంలో రోడ్డు తప్ప ఇంకేం కనపడలేదు. మూటలు మాత్రం వెనక సీట్లోనే పెట్టేది. పక్క సీటు ఖాళీగా ఉంచేది, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎండలు వచ్చాక కొట్టులో గుండీలు కుట్టే అమ్మాయి వెంటపడింది, "అక్కా, నాకూ నేర్పవా?" అని. కత్తెరమ్మ నవ్వి, రోజుకో సాకు చెప్పి తప్పించుకుంది. ఇక సాకులు దొరక్క ఒక ఆదివారం మైదానానికి తీసుకెళ్లింది. పెళ్లయినప్పట్నుంచి చూస్తున్న కారే అయినా, మాస్టారు కూర్చునే ఆ పక్క సీట్లో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. తలుపు తీసి, లోపల ఎవరైనా ఉంటే జరగడానికన్నట్టు క్షణం ఆగి, అప్పుడు కూర్చుంది.

అమ్మాయి క్లచ్ వదిలింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది.

"కంగారేం లేదు. రోడ్డెక్కడికీ పారిపోదు. మళ్లీ మొదట్నుంచి."

ఆ మాట అన్నది కత్తెరమ్మే. గొంతూ ఆమెదే. కానీ అలా అనాలని ఆమె అనుకోలేదు. ఆ సీట్లో కూర్చుని మాస్టారు అందరితో అనే మాటే అది. అమ్మాయి పకపకా నవ్వి మళ్లీ తాళం తిప్పింది. ఈసారి కారు మెత్తగా కదిలింది.