రుచి తప్పిన ముత్తవ్వ

దసరా ముందు పట్టిన జ్వరం ముత్తవ్వను ఇరవై రోజులు మంచాన వేసింది. పోతూ పోతూ నోటి రుచిని వెంట తీసుకుపోయింది. బెల్లం నోట్లో వేసుకున్నా, మన్ను వేసుకున్నా ఆమెకు ఒకటే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెప్తుంది? మిర్చి బజ్జీలు వేసి అమ్మడమే ఆమె బతుకు. బండి బోల్తాపడి నడుం విరిగిన మొగుడు నర్సన్న నాలుగేండ్ల నుంచి మంచం దిగలేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు మైలు పొడుగున ఆగుతాయి. తూకానికి నంబరొచ్చేదాకా రైతులకు ఆ బండ్ల కిందే కాపురం. వాళ్లకు ముత్తవ్వ మిర్చీలంటే ప్రాణం. వాము, చింతపండు కూరి, శనగపిండిలో ముంచి పల్లినూనెలో ఎర్రగా వేయించిన మిర్చి కొరికితే చలి ఎగిరిపోయేది. కందకుర్తి బండ్లవాళ్లయితే సద్దిమూట విప్పకముందే ఆమె పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్లు.

ఆ ఏడు సీజను మొదలై వారం తిరగకుండానే అందరూ పక్కనున్న రుక్మాబాయి దగ్గరికి మళ్లారు. ధర్మాబాద్ నుంచి వచ్చిన ఆ మరాఠీ ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు అమ్ముతుంది. ముత్తవ్వ గంపలో మిర్చీలు చల్లారి మెత్తబడేవి. రోజూ ఇంటి దగ్గర మొదటి వాయి మొగుడికి పెట్టి "ఎట్లున్నయ్?" అనేది. "మంచిగనే ఉన్నయ్" అనేవాడు. మరి జనం ఎందుకు వస్తలేరు? ఉప్పు ఎక్కువైందేమోనని ఒకరోజు తగ్గించేది, చాలలేదేమోనని మరునాడు పెంచేది.

అట్లాంటి రోజున రామ్‌దాస్ వచ్చాడు. రెంజల్ రైతు కొడుకు. బహ్రెయిన్‌లో మేస్త్రీ పనికి పోయి, మూడేండ్లకు సెలవు మీద వచ్చి, తండ్రి బండికి తోడుగా వచ్చాడు.

"అక్కా, ఆ దేశం బజార్ల తిండికేం తక్కువలేదు. చువ్వకు మాంసం గుచ్చి బొగ్గుల మీద కాలుస్తరు. చాటంత రొట్టెలు. మలబారోళ్ల సమోసలు. అన్ని తిన్న. తింటున్నంతసేపు, గీడ నిలబడి ఊదుకుంట తిన్న నీ మిర్చీలే యాదికొస్తుండె."

ఆ మాటకు నలుగురు బండ్లవాళ్లు దగ్గరికి జరిగారు. ముత్తవ్వ వేడివేడి మిర్చీలు రెండు ఆకులో పెట్టి ఇచ్చింది. రామ్‌దాస్ కొరికాడు. నమలడం ఆగింది. ఎట్లనో మింగాడు. రెండోది కూడా తిన్నాడు. జనం పక్కకు పోయాక గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఇయ్యి నువ్వు చేసినయేనా?"

ముత్తవ్వ గంప సర్దుకుంది. పొయ్యి ఆర్పి ఇంటికి నడిచి, నేరుగా మొగుడి మంచం దగ్గర నిలబడింది.

"ఒట్టు పెట్టి చెప్పు. నా మిర్చీలు ఎట్లుంటున్నయ్?"

నర్సన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఒకనాడు ఉప్పుకషాయం. ఇంకొకనాడు సప్పటి పిండి."

"మరెందుకు చెప్పలె?"

"చెప్తె పొయ్యి ఇడిసిపెట్టి కూసుంటవని భయమైందే. నీ చేతి మీదనే బతుకుతున్న. గీ మంచంల నుంచి నేనేం జెయ్యాలె?"

ముత్తవ్వ వంటింట్లోకి పోయి గుప్పెడు ఉప్పు నాలుక మీద రుద్దుకుంది. పచ్చిమిరపకాయలు కసకసా నమిలింది. పెదవులు మండి వాచాయి గాని రుచి మాత్రం తెలియలేదు. గడపలో కూలబడి, మొగుడికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మరునాడు పిండిగిన్నె చేతబట్టుకుని బండ్ల ముందు నిలబడింది.

"అన్నలారా, జ్వరమొచ్చి నాకు రుచి పోయింది. ఉప్పుకారం తెలుస్తలేదు. ఎవరన్న ఒక్కలు సూసి చెప్పుండ్రి. మీ కాల్మొక్త."

కొందరు మొహం తిప్పుకున్నారు. "రుచి తెల్వనామె వండుడేంది, మనం తినుడేంది?" అని ఒకడు నవ్వాడు. అయినా ముత్తవ్వ కదల్లేదు.

రుక్మాబాయి చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చింది. వేలు ముంచి నాకింది.

"మీఠ్ జాస్త్! ఉప్పెక్కువ. ఇంకింత పిండి కలుపు."

ముత్తవ్వ నమ్మలేనట్టు చూసింది. "నీ బేరం పోతదిగదా బాయీ?"

"పోతె పోనీ. పోయినేడు నేను బాలింతనై పండుకుంటె నా పొయ్యి జాగ ఎవలకు పోకుంట కాపాడింది ఎవలు? కలుపు, జల్ది."

ఆ రోజు ముగ్గురే వచ్చారు. వాళ్లలో ఒకడు తిని, ఇంకో రెండు పెట్టమని చెయ్యి చాపాడు. ముత్తవ్వ ఆ చాపిన చెయ్యినే చూస్తూ నిలబడిపోయింది, బాణలిలో వాయి మాడుతున్నదని రుక్మాబాయి కేకేసేదాకా.